ఓపెన్ సోర్సు వ్యవస్థలో ఫైలుల స్థాననిర్ణయము: తెలుగు ఉపకరణములు నిదర్శనముగా

ఉపోద్ఘాతము

తెలుగు భాషాపరిశోధన నేడు గ్రంథరూపముననే గాక కంప్యూటరునందు వాడదగు ఉపకరణముల రూపమునను వెలువడుచున్నది. పదపట్టికలు, అక్షరదోషములను చూపు నిఘంటువులు, ఫాంట్లు, కీబోర్డు అమరికలు, ఇతర భాషలనుండి తెలుగు చేయబడిన సందేశములు — ఇవియన్నియు భాషాశాఖలు చేయదగిన పనులలోనివే. అయితే ఉపకరణమును నిర్మించుట వేఱు, దానిని పదిమందికి అందునట్లు వ్యవస్థలో నిలుపుట వేఱు. మొదటిదానిని గూర్చి మన శాఖలలో చర్చ కొంత జరిగినది. రెండవదానిని గూర్చి జరిగినది స్వల్పము.

ఈ ఉపేక్షవలన కలుగు నష్టము చిన్నది కాదు. ఒక విద్యార్థి మూడేండ్లు పల్లెపల్లె తిరిగి కూర్చిన పదపట్టిక అతని సొంత డైరెక్టరీలో ఉండును. పట్టము పొంది అతడు వెడలిపోవును. కొంతకాలమునకు యంత్రము మార్చబడును. పట్టిక అంతరించును. తాటాకు గ్రంథము చెదల పాలగుటకు తరములు పట్టును. దీనికి ఒక మధ్యాహ్నము చాలును. అదే పట్టిక ఒక ఓపెన్ సోర్సు వ్యవస్థలో ప్యాకేజిగా చేరియున్నచో, దానిని రచించినవాని పేరుతోను, అనుమతిపత్రముతోను, అనేక దేశములలోని యంత్రములందు నిలిచియుండును. అట్లు చేరుటకు మొట్టమొదట తీర్చవలసిన ప్రశ్న ఒక్కటే: అందలి ఏ ఫైలు ఎచట ఉండవలెను? ఆ ప్రశ్నను తీర్చు పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ప్యాకేజి అనగా ఫైలుల మూట మాత్రమే కాదు. ప్రతి ఫైలును ఏ చోట దింపవలెనో తెలుపు నిర్దేశము, స్థాపనసమయమున జరుపవలసిన పనులు, ఇతర ప్యాకేజిలతో గల సంబంధము, హక్కుల ప్రకటన — వీనితో కూడిన కట్ట అది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, తరువాత వచ్చిన ఫెడోరా మొదలగు లినక్సు వ్యవస్థలన్నియు ఇట్టి ప్యాకేజిల సముదాయములే. భారతదేశమున సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు డెబియన్ ఆధారముగా నిర్మితమైనది. కావున డెబియన్ నియమములను ఎఱిగినవానికి తక్కినవానిని అర్థము చేసికొనుట కష్టము కాదు.

స్థానవ్యవస్థయొక్క చరిత్ర

లినక్సులో ఫైలులన్నియు ఒకే వృక్షముయొక్క శాఖలు. మూలమునుండి బిన్, లిబ్, ఈటీసీ, వార్, హోమ్ మున్నగు కొమ్మలు చీలును. వీనిలో ఉ, స, ర అను ధ్వనులను సూచించు మూడు ఆంగ్లాక్షరములతో వ్రాయబడు కొమ్మ యొకటి కలదు. అది ‘యూజర్’ అను పదమునకు సంక్షేపము గనుక దానిని మేమిచట యూజర్ అనియే వ్రాయుదుము.

ఈ పేరే ఒక చిన్న చరిత్ర. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సును నిర్మించిన తొలినాళ్లలో యూజర్ కొమ్మ వాడుకరుల సొంత ఫైలులకై ఏర్పడినది. మొదటి డిస్కు నిండిపోగా వ్యవస్థకు చెందిన ప్రోగ్రాములు పొంగి రెండవ డిస్కుపైనున్న యూజర్‌లోనికి వచ్చి చేరినవి. అందుచే బిన్ అను డైరెక్టరీ మూలమునందొకటి, యూజర్‌నందొకటి ఏర్పడినది. వాడుకరులు పిమ్మట హోమ్ అను వేఱొక కొమ్మకు తరలిపోయిరి. పేరు మాత్రము నిలిచినది. ఊరు తరలిపోయినను పాత పేరే నిలిచిన పాటిదిబ్బల వలె, ఇప్పుడు యూజర్‌నందు యూజరు లేడు, వ్యవస్థ యున్నది.

1990ల తొలి సంవత్సరములలో లినక్సు వ్యవస్థలు పెక్కు బయలుదేఱగా, ఒక్కొక్కరు ఒక్కొక్క చోట ఫైలులను పెట్టసాగిరి. ఒకదానికై వ్రాసిన ప్రోగ్రాము మఱియొకదానిలో తనకు కావలసిన ఫైలు దొరకక నిలిచిపోవుచుండెను. ఈ అవ్యవస్థను తొలగించుటకు 1994 ఫిబ్రవరి 14వ తేదీన ఒక ప్రమాణపత్రము వెలువడినది. అదియే క్రమముగా పెరిగి ‘ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్’ అను పేర ప్రసిద్ధమైనది. దాని మూడవ సంపుటి 2015లో వచ్చినది. డెబియన్ విధానపత్రము కొన్ని మినహాయింపులతో ఈ ప్రమాణమునే తన ప్యాకేజిలకు విధించినది.

రెండు బిన్‌లు, రెండు లిబ్‌లు ఉండుటకు గల పూర్వకారణము నశించినదని గ్రహించి, ఫెడోరావారు 2012లో మూలమునందలివానిని యూజర్‌నందలివానితో కలిపివేసిరి. డెబియన్ 2023లో వెలువడిన పన్నెండవ సంపుటినుండి ఆ కలయికను తప్పనిసరి గావించినది. దీనినిబట్టి స్థాననియమములు అపౌరుషేయములు కావనియు, కారణము నశించినప్పుడు నియమమును సవరింపవచ్చుననియు తెలియుచున్నది. అయితే ఆ సవరణ అందఱు కలిసి చేయవలసినది. ఒక్కొక్క ప్యాకేజిదారుడు తన యిష్టముకొలది చేయదగినది కాదు.

మూలభేదములు రెండు

ప్రమాణపత్రము ఫైలులను రెండు భేదములచే విభజించుచున్నది. మొదటిది స్థిరము, చరము. నిర్వాహకుని ప్రమేయము లేక మారనిది స్థిరము. వ్యవస్థ నడచుచుండగా దానంతట మారునది చరము. రెండవది పంచుకొనదగినది, పంచుకొనరానిది. అనేక యంత్రములు ఒకే ప్రతిని వాడుకొనగలిగినచో మొదటి తెగ. ఒక యంత్రమునకే చెల్లునది రెండవ తెగ.

ఈ రెండింటిని కలుపగా నాలుగు గదులేర్పడును. స్థిరమై పంచుకొనదగినవి యూజర్‌లో ఉండును. స్థిరమై ఒక యంత్రమునకే చెందినవి ఈటీసీలో ఉండును. చరములు వార్‌లో చేరును. చరములలోను కొన్ని, అనగా వచ్చిన ఉత్తరముల వంటివి, పంచుకొనదగినవి. ఇప్పుడు ఏ ప్రోగ్రాము నడచుచున్నదో తెలుపు గుర్తుల వంటివి పంచుకొనరానివి. ఈ కడపటివానికి ఇటీవల రన్ అను ప్రత్యేకశాఖ ఏర్పడినది.

విశాఖపట్టణమున నివసించు మనకు దీనికి పోలిక దూరము పోనక్కఱలేదు. 1933లో ప్రారంభమైన మన ఓడరేవునందు ముడిఖనిజమునకు, నూనెకు, కంటెయినరులకు వేఱువేఱు బెర్తులు కలవు. మత్స్యకారుల పడవలకు ప్రత్యేకముగా ఒక రేవు కలదు. సరకు పంపిన వర్తకు డెవడన్నదానిని బట్టి గాక, దానిని ఎట్లు దింపవలెను, ఎట్లు నిలువ చేయవలెను అన్నదానిని బట్టి స్థానము నిర్ణయింపబడును. ఒకే వర్తకుని సరకు నాలుగు తావుల దిగినను, అది ఆతనిదే యని తెలుపు పత్రము కార్యాలయమున ఉండును. ప్యాకేజి విషయమునను అంతే. ఒక ప్యాకేజికి చెందిన ఫైలులు పది తావులకు పోవును. అవియన్నియు దానివే యని తెలుపు జాబితాను ప్యాకేజి నిర్వాహక ప్రోగ్రాము భద్రపఱచును.

నిర్ణయమునకు ఐదు ప్రశ్నలు

రెండు భేదములు సిద్ధాంతమునకు చాలును గాని ఆచరణమునకు చాలవు. ఒక ఫైలు చేతికి వచ్చినప్పుడు ఈ క్రింది ఐదు ప్రశ్నలను వరుసగా వేసికొనుట మేలని మా అభిప్రాయము.

మొదటిది: దీనిని మార్చు అధికారము ఎవరిది? ప్యాకేజిదారునిదా, యంత్రనిర్వాహకునిదా, ప్రోగ్రాముదా, వాడుకరిదా? రెండవది: నడచుచుండగా ఇది మారునా? మూడవది: ఇది యంత్రజాతిని బట్టి మారునా, లేక అన్ని జాతుల యంత్రములందు ఒకటేనా? నాల్గవది: ఇది పోయినచో తిరిగి పుట్టించవచ్చునా? ఐదవది: దీనిని వెదకువారెవరు, వారెచట వెదకుదురు?

ఈ ప్రశ్నలను ఒక కల్పితోదాహరణమునకు అన్వయింతము. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదములతో ప్రారంభమైన మాండలిక వృత్తిపదకోశముయొక్క మార్గమున, ఒక పరిశోధక విద్యార్థి విశాఖ సముద్రతీరమునందలి జాలరుల పదములను, రేవు కార్మికుల పదములను సేకరించె ననుకొందము. దానికి ‘తీరపదము’ అని పేరిడుదము. అందు పది వస్తువులున్నవి: పదపట్టిక, ప్రత్యయముల నియమావళి, పదములను వెదకు ప్రోగ్రాము, దాని తెలుగు సందేశములు, ఒక ఫాంటు, ఆ ఫాంటును ఎప్పుడు వాడవలెనో తెలుపు నియమము, అకారాది సూచిక, నిర్వాహకుడు మార్చదగు అమరికలు, వాడుకరులు పంపు క్రొత్తపదముల సంచిక, హక్కుల ప్రకటన.

పదపట్టికయు, ప్రత్యయముల నియమావళియు స్థిరములు. యంత్రజాతితో వానికి పనిలేదు. కావున వాని స్థానము యూజర్ క్రిందనున్న షేర్. అందును, ఐదవ ప్రశ్నను బట్టి, వానిని వెదకునది హన్‌స్పెల్ అను అక్షరదోషపరిశీలక ప్రోగ్రామైనచో యూజర్/షేర్/హన్‌స్పెల్ అను చోటనే పెట్టవలెను. అచట తెలుగు నిఘంటువునకు భాషాసంకేతము, దేశసంకేతము కలిపిన పేరు నియతము. ఆ పేరుతో తెలుగు ప్యాకేజి ఇదివఱకే కలదు. ఒకే పేరుగల ఫైలును రెండు ప్యాకేజిలు దింపబూనినచో నిర్వాహక ప్రోగ్రాము రెండవదానిని నిరాకరించును. కావున మన విద్యార్థి పదములను ఉన్న నిఘంటువులో చేర్పింపవలెను, లేదా వేఱొక పేరుతో ప్రత్యేకనిఘంటువుగా నిలుపవలెను. మాండలిక పదములను ప్రమాణభాషా నిఘంటువులో చేర్చుట యుక్తమా యను శాస్త్రప్రశ్న ఇచట సాంకేతిక రూపమున ఎదురగుట గమనింపదగినది. ఫైలునకు పేరు పెట్టుటయందే ఆ చర్చ తేలవలసియుండును.

వెదకు ప్రోగ్రామును వాడుకరి పేరుపెట్టి పిలుచును. కావున అది యూజర్/బిన్‌లో ఉండవలెను. ఆ ప్రోగ్రాము లోలోపల మాత్రమే పిలుచుకొను సహాయక ప్రోగ్రాములు బిన్‌లోనికి రాదగవు. వానికి యూజర్/లిబ్ క్రింద ప్యాకేజి పేరుగల డైరెక్టరీ తగినది. నలుగురు పిలువదగిన వానినే వీథిముఖమున నిలుపుట ఇచటి న్యాయము.

తెలుగు సందేశములు యూజర్/షేర్/లొకేల్ క్రింద తెలుగు సంకేతముగల అరలో, సందేశముల ఉపవిభాగమున చేరును. ప్రోగ్రామునకు వివరణపుట తెలుగున వ్రాసినచో దానికి యూజర్/షేర్/మాన్ క్రింద తెలుగునకు వేఱుగా తావు కలదు. ఆ తావు చాల ప్రోగ్రాములకు శూన్యముగనే యున్నది. ఇది భాషాశాఖల విద్యార్థులు ప్రోగ్రామింగు రాకపోయినను చేయగల పని.

ఫాంటును గూర్చి కొంత విస్తరింపవలసియున్నది. ఫాంటు స్థిరము, యంత్రజాతితో పనిలేనిది, పంచుకొనదగినది. కావున యూజర్/షేర్/ఫాంట్స్ దాని స్థానము. డెబియన్‌లో దాని క్రింద ట్రూటైప్ అను ఉపవిభాగము కలదు. కెనడాలోని విన్నిపెగ్‌నందు నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ‘ఫాంట్స్-తెలు-ఎక్‌స్ట్రా’ అను ప్యాకేజిగా అచటనే దిగుచున్నవి. రెడ్‌హ్యాట్ సంస్థ వెలువరించిన లోహిత్ తెలుగు ఫాంటును అచటనే తన పేరిటి అరలో ఉండును. సూరన, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు మున్నగు పేరులతో సిలికానాంధ్ర ద్వారా వెలువడిన ఫాంట్లు ‘ఫాంట్స్-తెలుగువిజయం’ అను ప్యాకేజిలో కలవు. ప్రబంధకవులును, వ్యావహారికభాషావాదులును ఒకే డైరెక్టరీలో కలహము లేక వసించుచున్నారు.

ఫాంటును ఎప్పుడు ఎన్నుకొనవలెనో తెలుపు నియమము ఫాంటుతో పాటుండదు. ప్యాకేజిదారుడు వ్రాసిన నియమపు మూలప్రతి యూజర్/షేర్‌లోని ఫాంట్‌కాన్ఫిగ్ విభాగమున ఉండును. దానిని అమలుచేయుటకు ఈటీసీ/ఫాంట్స్‌లో ఒక లంకె యుండును. నిర్వాహకుడు ఆ నియమము వలదనుకొన్నచో లంకెను తొలగించును, మూలప్రతి చెడదు. పోగా, యంత్రమునందలి ఫాంట్లన్నిటిని పరిశీలించి ఫాంట్‌కాన్ఫిగ్ చేసికొను సూచిక వార్/క్యాష్‌లో ఉండును. ఇట్లు ఒక్క ఫాంటునకు సంబంధించి వస్తువు యూజర్‌లోను, అధికారము ఈటీసీలోను, సూచిక వార్‌లోను నిలిచినవి. ఈ మూడింటి భేదమును గ్రహించినవానికి స్థానశాస్త్రమున సగము తెలిసినట్లే.

సూచికకును, సంచికకును గల భేదము నాల్గవ ప్రశ్నవలన తేలును. తీరపదముయొక్క అకారాది సూచిక పదపట్టికనుండి పుట్టినది. అది పోయినను తిరిగి కట్టవచ్చును. కావున వార్/క్యాష్ దాని స్థానము. వాడుకరులు పంపిన క్రొత్తపదములో? అవి పోయినచో తిరిగి రావు. ఆ పదమును చెప్పిన వృద్ధుడు మరల దొరకకపోవచ్చును. కావున అవి వార్/లిబ్‌లో ఉండవలెను. రెండును చరములే, రెండును ప్రోగ్రాము వ్రాయునవే. అయినను క్యాష్‌లో ఉన్నదానిని నిర్వాహకుడు స్థలము చాలనప్పుడు నిస్సంకోచముగా తుడిచివేయవచ్చునని ప్రమాణపత్రమే అనుమతించుచున్నది. క్షేత్రపర్యటనలో సేకరించిన పదములను పొరపాటున క్యాష్‌లో పెట్టిన ప్యాకేజి వానిని మృత్యుముఖమున పెట్టినట్లు. వ్రాతప్రతికిని, దానినుండి తీసిన అనుక్రమణికకును గల తారతమ్యము మన శాఖలవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

నిర్వాహకుడు మార్చదగు అమరికలు ఈటీసీకి చెందును. వీనికి ప్రత్యేకరక్షణ కలదు. నిర్వాహకుడు మార్చిన అమరికఫైలును ప్యాకేజిలోని క్రొత్తసంపుటి తుడిచివేయరాదు. డెబియన్‌లో, అతడు మార్చియుండి క్రొత్తసంపుటిలోను ఆ ఫైలు మారియున్నచో, ఏది ఉంచవలెనని స్థాపకప్రోగ్రాము అతనినే అడుగును. ప్యాకేజిని తొలగించినను అమరికలు నిలిచియుండును; పూర్తిగా తుడువుమని ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే పోవును. అదే ఫైలును యూజర్/షేర్‌లో పెట్టినచో ఈ రక్షణ లేదు. తరువాతి సంపుటి రాగానే నిర్వాహకుని శ్రమ మాటలేకయే అంతరించును.

హక్కుల ప్రకటన డెబియన్‌లో యూజర్/షేర్/డాక్ క్రింద ప్యాకేజి పేరుగల అరలో, నియతమైన పేరుతో ఉండితీరవలెను. అది లేని ప్యాకేజి ఆ వ్యవస్థలోనికి రాదు. ఇది అంగుళమంత ఫైలే గాని తక్కిన తొమ్మిదింటికి ప్రవేశపత్రము.

తెలుగునకు ప్రత్యేకమైన కొన్ని సందర్భములు

ఐదు ప్రశ్నలలో మూడవది, అనగా యంత్రజాతి ప్రశ్న, పాఠకులకు కొంత దుర్గ్రాహ్యము కావచ్చును. దానికి తెలుగునుండియే చక్కని నిదర్శనము కలదు. తెలుగున వారముల పేర్లు, మాసముల పేర్లు, అకారాదిక్రమము, సంఖ్యలను లక్షలు కోట్లుగా విడదీయు తీరు — వీనినన్నిటిని తెలుపు లొకేల్ అను ఫైలొకటి కలదు. మనుష్యులు చదువదగిన దాని మూలప్రతి యూజర్/షేర్ క్రింద ఐ-పద్దెనిమిది-ఎన్ అను విభాగమున ఉండును. దానిని యంత్రము త్వరగా చదువుటకు అనువుగా మార్చిన ప్రతి యూజర్/లిబ్ క్రింద లొకేల్ విభాగమున ఉండును. విషయ మొక్కటే, స్థానములు రెండు. ఏల?

మూలప్రతి అన్ని యంత్రములకు ఒకటియే. మార్చిన ప్రతిలోని సంఖ్యలు యంత్రజాతిని బట్టి వ్రాయబడును. కొన్ని యంత్రములు ఒక సంఖ్యలోని పెద్దభాగమును ముందుంచును. కొన్ని చిన్నభాగమును ముందుంచును. శాసనములందలి భూతసంఖ్యలను కుడినుండి యెడమకు చదువవలెనని యెఱుగనివాడు శకవర్షమును తలక్రిందులుగా చెప్పునట్లు, ఒక జాతి యంత్రమునకై మార్చిన ప్రతిని వేఱొక జాతి యంత్రము చదివినచో అంతయు తాఱుమాఱగును. కావుననే అది షేర్‌నకు తగదు. తెలుగు సందేశముల ఫైలులును యంత్రమునకై మార్చబడినవే గాని, వానిని చదువు ప్రోగ్రాము రెండు వరుసలను గుర్తింపగలదు. అందుచే అవి షేర్‌లో ఉండగలుగుచున్నవి. మార్చినది యగునా కాదా యన్నది ప్రశ్న కాదు; అన్ని యంత్రములకు చెల్లునా చెల్లదా యన్నదే ప్రశ్న.

రెండవ సందర్భము కీబోర్డు అమరికలది. తెలుగు కీబోర్డును వెదకబోయినవాడు సహజముగా తెలుగు సంకేతముగల ఫైలునకై వెదకును. అది దొరకదు. ఏలయన ఎక్స్ వ్యవస్థలోని కీబోర్డు ఫైలులు ప్రధానముగా దేశమును బట్టి విభజింపబడినవి. కావున తెలుగు అమరిక భారతదేశ సంకేతముగల ఫైలునందు ఒక ప్రకరణముగా నున్నది. తమిళ, కన్నడ, వంగభాషల అమరికలు దానికి తోడుగా నున్నవి. ఎం-పదిహేడు-ఎన్ అను వేఱొక వ్యవస్థలోనైతే విభజన భాషను బట్టియే. అందు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతుల తెలుగు అమరికలు తెలుగు సంకేతముతోనే మొదలగును. ఇందు ఏది యొప్పు, ఏది తప్పు? రెండును తమతమ వ్యవస్థలలో ఒప్పులే. స్థానమును నిర్ణయించునది మన ఊహ కాదు. దానిని చదువు ప్రోగ్రాముయొక్క విభజనసూత్రము. ఐదవ ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యము ఇందువలననే.

మూడవది అక్షరస్థానము. యూనికోడునకు ముందు వెలువడిన పెక్కు తెలుగు ఫాంట్లలో ఆంగ్లాక్షరములకు నిర్దేశింపబడిన తావులలో తెలుగు ఆకృతులు ఉంచబడినవి. ఆ ఫాంటు ఉన్న యంత్రమున అది తెలుగుగా కనబడును. లేని యంత్రమున అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. యూనికోడు తెలుగునకు తనదైన తావు నొసగిన పిదప ఆ బాధ తొలగినది. పాత పద్ధతిలో అచ్చైన రచనలను మార్చుకొనుటకు మాత్రము నేటికిని శ్రమపడుచునే యున్నాము. పరుల స్థానమున తాత్కాలికముగా కూర్చుండుటవలన కలుగు దీర్ఘనష్టమునకు ఇది మన భాషాచరిత్రలోనే సాక్ష్యము. ఫైలు విషయమునను న్యాయ మిదియే.

పూర్వపక్షము

ఇచట ఒక ఆక్షేపణము తప్పక వచ్చును. ఒక గ్రంథముయొక్క పుటలను గ్రంథాలయమున పది బీరువాలలో పంచిపెట్టుదుమా? తీరపదమునకు చెందిన పది వస్తువులను ఒకే డైరెక్టరీలో ఉంచినచో ఏమి హాని? తెచ్చుట సులభము, తొలగించుట సులభము గదా?

ఆక్షేపణము బలహీనమైనది కాదు. ప్రమాణపత్రమే దీనికొఱకు ఆప్ట్ అను శాఖను ఏర్పఱచినది. వ్యవస్థకు వెలుపలివారు తయారుచేసిన పెద్ద ప్రోగ్రాములు అచట తమ తమ అరలలో ఒక్కచోట ఉండవచ్చును. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అను నవీనపద్ధతులు ప్రోగ్రామును దాని పరివారముతో సహా వేఱుపఱచి ఉంచును. నిక్స్ అను వ్యవస్థ ప్రతి ప్యాకేజిని తన ప్రత్యేకకోశమున నిలిపి, పాత సంపుటులను క్రొత్తవానితో పాటు కాపాడుచున్నది. ఇవి వ్యర్థప్రయత్నములు కావు.

అయినను భాషోపకరణముల విషయమున సమాధాన మిది. ప్రోగ్రాము తనకొఱకు తాను బ్రతుకును. భాషోపకరణము ఇతరులకొఱకు బ్రతుకును. పదపట్టికను హన్‌స్పెల్ చదువవలెను. దానిద్వారా వ్రాతప్రోగ్రాములు, ఉత్తరముల ప్రోగ్రాములు చదువవలెను. ఫాంటును ప్రతి ప్రోగ్రామును చూడగలుగవలెను. ఒంటరిగదిలో ఉన్న ఫాంటు ఆ గదికే ఉపకరించును. ఫ్లాట్‌ప్యాక్ సయితము యంత్రమునందలి ఫాంట్లను లోపలి ప్రోగ్రాములకు ప్రత్యేకమార్గమున చూపుచున్నదనుటయే దీనికి నిదర్శనము. ఇక తొలగించు సౌకర్యమందురా, ఏ ఫైలు ఏ ప్యాకేజిదో తెలుపు జాబితా వార్/లిబ్‌లో ఉన్నది గనుక తొలగింపు ఒక్క ఆజ్ఞతో జరుగును. గ్రంథాలయపు పోలికయు పూర్వపక్షమునకు తోడ్పడదు. సంపుటమును, దాని సూచికాపత్రమును, ఎరవిచ్చిన చిట్టాను, అరుదైన ప్రతులను చూపు నియమములను గ్రంథాలయమున ఒకే బీరువాలో ఉంచము.

వర్జింపవలసిన స్థానములు

ప్యాకేజి అడుగిడరాని తావులు రెండు కలవు. ఒకటి యూజర్/లోకల్. ఇది ఆ యంత్రనిర్వాహకుడు స్వయముగా దింపుకొను వస్తువులకై వదలిన నేల. డెబియన్ విధానము ప్యాకేజిలు అచట ఏ ఫైలును పెట్టరాదని శాసించినది. నిర్వాహకుని సౌకర్యార్థము శూన్యమైన డైరెక్టరీలను మాత్రము ఏర్పఱుపవచ్చును. ఒక శాఖవారు తమ యంత్రములలో మాత్రమే వాడుకొను ప్రోగ్రామునకు లోకల్ యుక్తస్థానము. అదియే ప్యాకేజిగా లోకమునకు పోవునప్పుడు అచటినుండి లేవవలెను.

రెండవది హోమ్, అనగా వాడుకరి యిల్లు. వాడుకరి తన యిష్టముచే చేర్చుకొన్న పదములు, ఎన్నుకొన్న అమరికలు అచట ఉండును. ప్రోగ్రాము నడచునప్పుడు వాడుకరి తరఫున అచట వ్రాయవచ్చును; ప్యాకేజి స్థాపనసమయమున అచటికి పోరాదు. ఒక యంత్రమునకు ఎందఱు వాడుకరులో, రేపు ఎవరు వత్తురో ప్యాకేజికి తెలియదు.

టెంప్ అను తాత్కాలికశాఖను గూర్చి ఒక హెచ్చరిక. యంత్రమును ఆపి మరల నడపినప్పుడు అందలి వస్తువులు నిలుచునని నమ్మరాదు. వార్ క్రిందనున్న టెంప్ కొంత ఎక్కువకాలము నిలుపును గాని అదియు నిక్షేపస్థానము కాదు. విద్యార్థులు గంటల తరబడి నడచిన విశ్లేషణముయొక్క ఫలితములను టెంప్‌నందు వదలుట తఱచు చూచుచున్నాము. వీథియరుగుపై వ్రాతప్రతిని పెట్టి నిద్రించుట వంటిది ఆ పని.

ఉపసంహారము

ఫైలునకు స్థానము చెప్పుట అనగా దానిని గూర్చిన కొన్ని సత్యములను ప్రకటించుట. యూజర్/షేర్‌లో పెట్టితిమనగా ‘ఇది మారదు, అన్ని యంత్రములకు చెల్లును’ అని చెప్పినట్లు. ఈటీసీలో పెట్టితిమనగా ‘ఇందు నిర్వాహకునిదే అధికారము’ అని చెప్పినట్లు. వార్/లిబ్‌లో పెట్టితిమనగా ‘ఇది పోయిన మరల రాదు, కాపాడుడు’ అని చెప్పినట్లు. క్యాష్‌లో పెట్టితిమనగా ‘పోయిన చింతలేదు’ అని చెప్పినట్లు. నిర్వాహకుడు ఫైలును తెఱచి చదువకయే, దాని చోటును చూచి ఈ మాటలను నమ్మి ప్రవర్తించును. చోటు తప్పుట మాట తప్పుటయే.

భాషాశాఖలకు దీనినుండి మూడు కర్తవ్యములు తోచుచున్నవి. పరిశోధనకై కూర్చిన పదసామగ్రిని, సిద్ధాంతవ్యాసమును సమర్పించుటకు ముందే, మూలము, సూచిక, అమరిక, చరసామగ్రి అని విడదీయించుట మొదటిది. అనుమతిపత్రమును ఆదియందే నిర్ణయించి రచయితచే వ్రాయించుట రెండవది. పదేండ్ల పిమ్మట రచయితను వెదకి అనుమతి కోరుట ఎంత కష్టమో పాత సంకలనములను పునర్ముద్రింప బూనిన సంపాదకులకు తెలియును. ప్యాకేజి రచనను ఎఱిగిన కంప్యూటరు శాఖవారితో కలిసి ఆ సామగ్రిని డెబియన్ మున్నగు వ్యవస్థలకు పంపుట మూడవది. ఇందు మొదటి రెండును మన చేతిలో ఉన్నవి. వానికి ధనము గాని యంత్రము గాని అక్కఱలేదు. అవి జరిగినచో మూడవది సుకరమగును. తీరమున సేకరించిన పదము ఆ తీరముననే వాడబడవలెనన్నచో, ముందు అది అందఱు వెదకు చోట ఉండవలెను.